ఎనిమిది కిలోల చూపు

ఇది పిండి తూచే త్రాసు.
నల్లకేకుకి ఎండుద్రాక్ష పోసే పళ్ళెంలో
ఈ రాత్రి నా లెన్సులు ఒక్కొక్కటే ఎక్కి దిగుతున్నాయి.
భుజం సంచీకి ఎనిమిది కిలోలే అన్నాడు
ట్రెలేవ్ విమానాశ్రయంలో పనిచేసే మేనల్లుడు,
"నువ్వైనా సరే అత్తా, గ్రాము వదలను" అని కూడా అన్నాడు.

కిటికీ అవతల పటగోనియా గాలి
పాప్లార్ చెట్ల మెడలు వంచుతోంది.
రుబేన్ పాస్‌పోర్టులు మూడోసారి లెక్కపెడుతున్నాడు.
మనుషులం ముగ్గురం, పాస్‌పోర్టులు మూడే,
అయినా ప్రతిసారీ అతనికి ఒకటి తగ్గుతుంది.

ముందు పొడుగు లెన్సు.
కిలో నాలుగువందల ఎనభై.
పెళ్ళిళ్ళలో నాకు అన్నం పెట్టింది ఇదే.
చర్చి చివరి బల్ల మీద
పెళ్ళికూతురి తండ్రి కన్ను తడిసే క్షణాన్ని
ఆయనకి తెలియకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది.
మరి నూటయాభై ఏళ్ళ దూరాన్ని
దగ్గరికి లాగుతుందా?
ఏమో. పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను.

వెడల్పు లెన్సు ఐదువందల పాతిక.
వేల్స్‌లో ముత్తాత పుట్టిన ఇల్లు రెండే గదులట,
తొమ్మిదిమంది పడుకునేవారట.
గోడకి వీపు ఆనించి నిలబడితే
ఆ గది మొత్తం పట్టేది దీనికే.
అంచున నిలబడ్డవాళ్ళని సాగదీస్తుంది, అదొక్కటే దీని దుర్గుణం.
మా ఇంట్లో అంచున నిలబడేది ఎప్పుడూ నేనే.
అయినా నేను ఏ ఫొటోలో ఉన్నాను గనక!

యాభైని తూచలేదు.
నాన్న కొన్నది. రింగు తిప్పితే కరకరమంటుంది,
ఏ ఏటి గాలి తెచ్చిన ఇసుకో.
బాగుచేయించమంటారు అందరూ.
చేయిస్తే ఆ చప్పుడు పోతుంది.

మాక్రో దగ్గర చెయ్యి ఆగింది.
నాచు పట్టిన సమాధి రాళ్ళ మీద పేర్లుంటాయి కదా,
ఒక్కో అక్షరాన్నీ గోటితో గీకినట్టు చూడాలి.
"ఫోను చాలదా అమ్మా?" అంది ఐలీన్,
పదిహేనేళ్ళది, తల ఎత్తకుండానే.
జవాబు వెతుక్కుంటుంటే తలుపు గాలికి కొట్టుకుంది.

ఎలూనెడ్ పిన్ని.
ఎనభై మూడేళ్ళు, రెండు మోకాళ్ళూ మొండికేశాయి,
తను రాదు.
గిన్నెలు తుడిచే గుడ్డలో ఏదో చుట్టి తెచ్చింది.
విప్పితే పలక.
బూడిద నీలం, ఒక మూల విరిగింది,
పైన మేకు దిగిన కన్నం.
"మీ ముత్తాత గనిలోంచి ఎత్తుకొచ్చాడు.
చివరి వారం కూలి ఎగ్గొట్టారని."
ఓడలో పిల్లలు దీని మీదే అక్షరాలు దిద్దారట.
వేలిముడుపుతో తట్టింది పిన్ని.
పలక పలికింది,
సన్నగా, పింగాణీ కప్పు అంచు తగిలినట్టు.
"మంచిదైతే పలుకుతుంది. చెడ్డది మట్టిలా మూలుగుతుంది."

తిరిగిచ్చి రావాలా పిన్నీ?
"ఎందుకిస్తాం? కూలి బాకీ ఇంకా తీరలేదుగా.
ఆ కొండకి ఒకసారి చూపించి
జాగ్రత్తగా వెనక్కి తెండి."

త్రాసులో పెట్టాను.
కిలో ఐదువందల పది.
పొడుగు లెన్సు నా వంక చూడలేదు,
నేనే మూత పెట్టి బీరువాలో పడుకోబెట్టాను.
దాని గూట్లో పలక సరిగ్గా దిగింది,
పక్కన నా ఉన్ని మేజోళ్ళు కుక్కాను కదలకుండా.

ఐలీన్ ఫోను పక్కన పెట్టి వచ్చింది.
పలకని మళ్ళీ తట్టింది. మళ్ళీ.
"దీని చప్పుడు ఏ లెన్సుతో తీస్తావు?" అంది.
ఆ పిల్లకి ఇవాళ రెండోసారి
నా దగ్గర జవాబు లేదు.

సంచీ మొత్తం తూచితే
ఎనిమిది కిలోల ముప్పై.
రుబేన్ మాక్రో వైపు చూశాడు, నేను రుబేన్ వైపు చూశాను.
తర్వాత లేచి, నిన్నటి నల్లకేకులో మందంగా ఒక ముక్క కోసి
వెన్న కాగితంలో చుట్టి
పైన మేనల్లుడి పేరు రాశాను.