పాటు వేళ

అమావాస్య పాటుకి
రేవు తన పళ్లన్నీ బయటపెట్టింది.
నర్సాపురం ఒడ్డు, రాత్రి రెండుంపావు.
టార్చితో నేను, టేపు కొస పట్టుకుని లోవరాజు.
పై మెట్టు నుంచి నీటి అంచుకి
పదకొండు మీటర్ల ముప్పై.
కొలతల పుస్తకంలో ఎక్కించాను.

ఎక్కించనివి చాలా ఉన్నాయి.
గుల్లలు పట్టి లావెక్కిన ఇనప గుంజలు,
సుత్తితో కొడితే ఖాళీ బిందెల్లా మోగాయి.
తాడు ఒరుసుకుని ఒరుసుకుని
సిమెంటు దిమ్మ నడుం చుట్టూ
మొలతాడు మచ్చలా పడిన గాడి.
నాలుగో మెట్టు.
అది ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేరు గానీ
లేని మెట్టుని దాటడం
ఊరందరి కాళ్లకీ వచ్చు.
చేపల తట్టతో, సైకిలుతో, చంకలో పిల్లతో,
ఫోనులో ఎవర్నో కసురుకుంటూ
కిందికి చూడకుండానే
అక్కడికి రాగానే ఒక్క అరడుగు
గాల్లోకి వేస్తారు.

"మునిగి చూసొచ్చాను సార్" అన్నాడు లోవరాజు,
పళ్లు టకటకలాడుతుంటే.
"ఏడింటిలో మూడే నిలబడ్డాయండి.
మిగతా నాలుగూ పంటుకి ఆనుకుని
నిలబడ్డట్టు నటిస్తన్నాయి."
నటనకి అంచనాలో గడి లేదు.
'మార్చవలెను: నాలుగు' అని రాశాను.

పని మొదలైంది.
పోటు ఉన్నంతసేపూ పేకాట, బీడీలు, బూతులు.
నీళ్లు తగ్గడం ఆలస్యం
ఆరు గంటల పని మూడు గంటల్లో.
ఇక్కడ మేస్త్రి చంద్రుడే.
రోజుకో ముప్పావుగంట ఆలస్యంగా వస్తాడు,
అదేమని అడిగేవాడు లేడు.
వెల్డింగు రవ్వలు బురదలో పడి చుయ్యిమంటుంటే
పీతలు కన్నాల్లోంచి కళ్లు పైకెత్తి చూసేవి.

టిక్కెట్ల గది పడగొట్టినరోజు
ఎనభై ఆరు వరద గీత
గోడతో పాటే కింద పడింది.
తాపీ పట్టిన ముసలాయన ఆ పెళ్ల తీసి
నీళ్లతో కడిగి పక్కన పెట్టాడు.
మళ్లీ ఎక్కడ పెట్టాలో డ్రాయింగులో లేదు.
అది నా బల్ల కింద ఉంది ఇప్పుడు.
కుర్చీలో కూర్చుంటే
ఆ వరద నా చీలమండల దాకా.

కొత్త వేదిక తేలుతుంది.
పోటుతో లేస్తుంది, పాటుతో దిగుతుంది,
ఏటితో తగువు పెట్టుకోదు.
మెట్ల చోట గరుకు వాలు, రెండు వైపులా కమ్ములు.
తెరిచిన వారం దాకా
జనం నాలుగో మెట్టు దగ్గర
అరడుగు గాల్లోకి వేస్తూనే ఉన్నారు.
ఒకామె పడబోయింది కూడా.
లేని గొయ్యి లేకపోవడం వల్ల.

ఇక ఆశీర్వాదం.
లేసు కంపెనీలో అల్లికల లెక్క రాస్తాడు.
చిన్నప్పుడే కాళ్లు పోయాయి.
ముప్పయ్యేళ్లుగా పొద్దునా సాయంత్రం
కొల్లాటి వాళ్ల కుర్రాళ్లు ఇద్దరు
బండితో సహా ఎత్తి పంటులో దింపేవాళ్లు.
కుర్రాళ్లు మారారు, భుజాలు మారాయి.
ఆ సాయంత్రం
వాలు మీద తనే వచ్చాడు, చేత్తో చక్రం ఆపుకుంటూ.
అలవాటుగా ముందుకొచ్చిన చేతులు
ఏం చెయ్యాలో తెలీక జేబుల్లోకి పోయాయి.
సగంలో ఆగి, నాతో కాదు, ఎవరితోనూ కాదు,
"ముప్పయ్యేళ్లూ మీ చెమట వాసనలో ఏరు దాటాను.
ఏటికో వాసన ఉందని ఇవాళే తెలిసింది" అన్నాడు.

సరంగు గంట కొట్టాడు.
సఖినేటిపల్లి వైపు పనికి
ఇంకా టెండరు పిలవలేదు.
అటు ఒడ్డున పాత మెట్ల కింద
ఇద్దరు, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడుచుకుని,
పిక్కల్లోతు నీళ్లలో నిలబడి
ఇటే చూస్తున్నారు.