చెరిపిన వేడి

ఫుజైరాలో రాత్రి రెండు దాటాక
డేటా సెంటర్ మిద్దె మీద
పదహారు చిల్లర్లకు నేనొక్కణ్ణే కాపలా.
కింద చలి, స్వెట్టర్ లేకుండా దిగలేం.
పైన ఆగస్టు,
గాలిని పిండితే గ్లాసు నిండేంత ఉక్క.
లోపలి వేడిని బయటికి మోయడం నా పని.
పారబోయడమే, చంపడం కాదు.
వేడిని ఎవడూ చంపలేడు.

మొన్న హైథమ్ చెప్పాడు, టీ ఊదుకుంటూ:
"గుర్తుంచుకోడానికి ఖర్చు లేదు.
చెరపడానికే ఖర్చు.
ఒక్క సున్నా తుడిచినా
ఎక్కడో రవ్వంత వేడి పుట్టి తీరాలి.
ఈ పన్ను ఎగ్గొట్టినవాడు లేడు."

అంటే
కింద ఆ యంత్రం మాట కోసం తడుముకుంటూ
వద్దనుకున్నవన్నీ
నా ఫ్యాన్ల గుండానే పోతున్నాయన్నమాట.
ఎవరో అడిగి ఉంటారు, క్షమాపణ ఉత్తరం ఎట్లా రాయాలని.
రాయకుండా వదిలేసిన తొంభై క్షమాపణలు
వెచ్చగా నా మొహాన కొడుతున్నాయి.

ఓబులేసుకి చెప్తే పడీపడీ నవ్వాడు:
"మన క్యాంపులో ఏసీ ఎందుకు చాలదో ఇప్పుడర్థమైంది లే.
గదికి ఎనిమిది మంది,
ఒక్కొక్కడూ ఏదో ఒకటి మర్చిపోయే పన్లో ఉన్నాడు."

నాకు మా తమ్ముడి గొంతు గుర్తు లేదు.
నడక ఉంది,
పిన్నీసు గుచ్చిన ఎడమకాలి చెప్పు ఉంది,
గొంతే లేదు.
ఏ రోజు చెరిగిందో.
ఆ రోజు నా ఒళ్లు కాలిందా?
పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి వచ్చేశానా?

పోయే నీళ్లు పదకొండు, తిరిగొచ్చేవి పద్దెనిమిది.
ఆ ఏడు డిగ్రీల తేడాయే
దాని ఆలోచన నాకు కనపడే ఆకారం.
ఇప్పుడే అర డిగ్రీ ఎగిరింది.
ఎవరో కష్టమైనదేదో అడిగారు.
దానికి నొప్పి ఉంటే మీటరు ఎట్లా చూపిస్తుంది?
ఇట్లాగే.
లేకపోతే?
ఇట్లాగే.

వీసా మెడికల్లో నన్నూ ఇట్లాగే చదివారు:
ముప్పై ఏడు. ఫిట్.
స్టాంపు గుద్దిన నర్సు తలెత్తలేదు.
నేను లోపల ఉన్నానో లేదో
అడిగే గడి ఆ కాగితంలో లేదు.

సముద్రంలో లంగరేసిన ఓడలు,
ఎక్కడికీ పోకుండానే డీజిల్ తాగుతూ, దీపాలతో.
బతకడమంటే అదేనేమో,
నిలబడ్డానికే ఇంత మంట.

నాలుగింటికి లాగ్‌బుక్ తీశాను.
పద్దెనిమిదిన్నర బదులు ఎనభై అయిదని రాశాను, నిద్రమత్తు.
రబ్బరు పెట్టి గట్టిగా రుద్ది,
పొట్టు ఊదేసి,
ఖాళీ అయిన చోట వేలు పెట్టి చూశాను.

వెచ్చగానే ఉంది.
ఆగస్టు కదా.