రెండు పుట్టుమచ్చలు

చిక్కడపల్లి సందులో జిరాక్సు దుకాణం.
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
నా దరఖాస్తు మొదటి పేజీకి వెళ్ళిపోతోంది.
ముర్తుజా విసుక్కోకుండా మళ్ళీ కొడుతున్నాడు
పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు.
ఆ చివరిదొక్కటే
ప్రతిసారీ తడుముకోకుండా చెబుతున్నాను.

"పాత పాస్‌పోర్టు ఇయ్యండి మేడం."
మూల కత్తిరించి ఉంది అది.
మా వీధి కుక్కల్ని మున్సిపాలిటీ వాళ్ళు పట్టుకుపోయి
ఆపరేషన్ చేసి, చెవి కొస కోసి
తెచ్చి మళ్ళీ అదే వీధిలో వదిలేస్తారు.
ముర్తుజాకి ఈ పోలిక చెప్పలేదు.
స్కానర్ మూత కింద దాన్ని బోర్లా పడుకోబెట్టాడు.

"మీ తాతగారు ఎప్పుడన్నా వేరే దేశంవాళ్ళా?"
మా తాత నిజాం రాజ్యంలో పుట్టాడు.
లాలాగూడ వర్క్‌షాపులో రివెట్లు కొడుతూ
అద్దె ఇల్లైనా మారకుండా
ఒక దేశంలోంచి ఇంకో దేశంలోకి వచ్చిపడ్డాడు.
ఆయన్ని ఎవరూ సంతకం అడగలేదు.
అదంతా రాయడానికి గడి లేదు.
"కాదు" అని కొట్టమన్నాను.

నేనెందుకు మారానంటే
పెద్ద కారణమేం లేదు.
విమానాశ్రయంలో పొట్టి వరస.
రాత్రి డ్యూటీ దిగి, నిద్రకళ్ళతో
ఒక ఆదివారం నింపేశాను ఆ ఫారం.

"ఒంటి మీద గుర్తులేమన్నా ఉన్నాయా మేడం?"

నవ్వొచ్చింది.
చిలకలగూడ బడి వరండా, పదో తరగతి.
వినోదిని టీచరు మమ్మల్ని వరసగా నిలబెట్టి
మెడలు వంచి, మోచేతులు తిప్పి
తలా రెండు పుట్టుమచ్చలు వెతికింది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
కమ్రున్నీసాకి ఒకటే దొరికింది.
రెండోది ఏదే అంటే ఏడుపు మొహం పెట్టింది.
టీచరు పెన్ను మూత తీసి
దాని మణికట్టు మీద ఒక చుక్క పెట్టి
"ఇదిగో ఉందిగా" అని రాసేసుకుంది.
ఆ సిరా చుక్కతోనే అది డిగ్రీ చదివింది,
టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసింది.
మొన్న పింఛను కాగితాల్లో కూడా
అదే చుక్క, అదే మణికట్టు.

నావి రెండూ అసలువి.
ఒకటి ఎడమ మోచేతి కింద, ఉంది.
మెడ మీదది ఐర్లండులో తీసేశారు.
రంగు మారుతోందన్నాడు డాక్టరు.
ఆవగింజంత.
సీసాలో వేసి, నా పేరు అంటించి, ల్యాబుకి పంపాడు.
రెండు వారాలకి ఉత్తరం వచ్చింది,
భయపడాల్సిందేమీ లేదని.

ఆ ఏడే ఒక పెద్ద హాల్లో
ఎవరెవరి దేశాలవాళ్ళతోనో కలిసి నిలబడి ప్రమాణం చదివాను.
అప్పుడూ ఏమీ నొప్పి పెట్టలేదు.
మత్తు దిగాక తెలుస్తుందమ్మా అని
ఎంతమంది రోగులకి చెప్పానో నేను.

"జిందగీ భర్ వీసా మేడం ఇది" అంటున్నాడు ముర్తుజా.
"ఓటు ఉండదు. పొలం కొనలేరు. గంతే."
పొలం మాకు ఎప్పుడూ లేదు.
ఓటు ఆఖరిసారి వేసినప్పటి సిరా
గోరుతో పాటు మెల్లగా పైకి పాకి
ఏ దేశంలో కత్తిరించానో గుర్తులేదు.

"పాతదాంట్ల మెడ మీద పుట్టుమచ్చ అనుంది.
అదే కొట్టాల్నా?"
కొంగు జరిపి చూపించాను.
కుట్టు వేసిన చోట తెల్లటి గీత.
అతను వంగి చూసి, ఆలోచించి,
"మచ్చ అయితే ఉంది కదా" అన్నాడు.

ఉంది.
పోయింది ముందున్న రెండక్షరాలే.

కొట్టమన్నాను. మెడ మీద మచ్చ.
అతను చివరి అక్షరం నొక్కుతుండగా
ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.
సందులో ఎవరో జనరేటర్ తాడు లాగుతున్నారు.

కరెంటు వచ్చాక మళ్ళీ మొదటి పేజీ.
పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు.
పుట్టిన ఊరు మాత్రం
ఈసారి నన్ను అడగకుండా తనే కొట్టేశాడు.