సాసర్‌లో చిల్లర

ట్రియెస్టె రేవులో ఓడల బీమాకి వెల కట్టేవాణ్ణి,
ముప్ఫై నాలుగేళ్ళు.
ఏ తుపానుకెంత, ఏ నిప్పుకెంత,
అంతా నోటిలెక్కే.

ఇప్పుడు ఒకటో తారీకున పెన్షన్ తప్పదు.
అల్మరా నిండా పాస్తా, సార్డీన్ డబ్బాలు.
బోరా గాలి కిటికీ రెక్కలు కొట్టి కొట్టి
తనే విసిగి పోతుంది.
నిద్ర కూడా బాగా పడుతోంది,
ఎవరికీ చెప్పను.

శుక్రవారం ఎవ్జెన్ వస్తాడు,
నాలుగంతస్తులెక్కి:
రొట్టె, పాలు, నా బీపీ మాత్రలు.
గుమ్మం బయట సాసర్‌లో వెనిగర్,
అందులో మునిగి నా చిల్లర.

ఇవాళ రెండో మలుపు దగ్గర దగ్గాడు.
తలుపు వెనక ఊపిరి బిగబట్టి
పాత అలవాటుకొద్దీ
లెక్క కట్టాను:
వయసు ఇరవై రెండు, రోజుకి అరవై గుమ్మాలు.

అంకె తేలింది.
తలుపు తియ్యలేదు.
వచ్చే శుక్రవారానికి
ఇంకాస్త పెద్ద సాసర్ వెతకాలి.