చిన్నదాని ఆకలి

వోర్కుమ్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే,
కాకపోతే వెలుతురున్న చలికాలం.
షట్టరు సగం ఎత్తానో లేదో
కింది నుంచి రెండు చక్రాలు, రెండు రబ్బరు బూట్లు.
బౌక్యె గారు.
ముప్పయ్యొక్క ఏళ్లు కాలువ లాకు తలుపులు తెరిచి మూసిన మనిషి.
ఇంకొకరి తలుపు తెరుచుకునేదాకా ఆగడం
ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు.

"చచ్చిందయ్యా హిల్కె, నీ బండి."
కొన్నది ఆవిడే. చెడినప్పుడల్లా మాత్రం నాది.

పెద్ద బ్యాటరీ మీట నొక్కి చూశాను.
ఐదు దీపాల్లో మూడు వెలిగాయి.
చలికాలమంతా దాన్ని మెట్ల కింద అరలో,
మంచు తగలని చోట,
కడుపు నిండా పెట్టకుండా, పూర్తిగా మాడ్చకుండా,
చెప్పింది చెప్పినట్టు
బంగాళాదుంపల సంచీ పక్కన సాకింది.
"పసిపిల్లకి జ్వరం చూసినట్టు
నెలనెలా చూశాను" అంది.

"మరి ఇదో?" అన్నాను,
హ్యాండిలు మీది ఖాళీ గూడు చూపించి.

సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది.
గుండీలు, తాళం లేని తాళంచెవి, దారపుండ,
వాటి నడుమ డిస్‌ప్లే.
దొంగల భయానికి అక్టోబరులో ఊడదీసి దాచిందట.
దొంగలు రాలేదు.
లోపల బొటనవేలి గోరంత బ్యాటరీ మాత్రం
ఎవరూ దోచకుండానే ఖాళీ అయింది.

"జనవరిలో ఒకసారి వెలిగింది. ఏదో రాసింది.
కళ్లద్దాలు తెచ్చుకునేలోపు ఆరింది.
మళ్లీ నొక్కాను.
మూడంటే మూడు సెకన్లు: 'బండికి తగిలించండి'.
బయట మంచు, రాత్రి పదిన్నర!
ఆ దబాయింపు నచ్చక మూత పెట్టేశాను."

అది దబాయింపు కాదండీ, ఆకలి,
అందామనుకున్నాను. అనలేదు. నేను మెకానిక్‌ని.
"మూడు నెలలకోసారి దీనికీ కాస్త కరెంటు పెట్టాలి" అన్నాను.
"పెద్దది పెట్టదా దీనికి?"
"గూట్లో కూర్చుంటే పెడుతుంది.
డబ్బాలో గుండీలేం పెడతాయి?"

వెనకాల రబ్బరు మూత తెరిచి,
చెమ్మ లేదని గుడ్డతో తుడిచి చూసుకుని
సన్న తీగ గుచ్చాను. ఫోనుకి వాడే మామూలు తీగే.
ఏమీ రాలేదు.
నల్లటి అద్దంలో ఆవిడ ముక్కు, నా గడ్డం, ట్యూబులైటు.

కాఫీ పెట్టాను.
"ఒక వేసవిలో," మొదలెట్టింది,
"తలుపులు బాగున్నాయి, మోటార్లు బాగున్నాయి.
నా బల్ల మీద గోళీకాయంత బల్బు మాడింది.
అది వెలిగితేగాని మీట కదలదు.
పందొమ్మిది పడవలు ఆగాయి.
ఇసుక పడవవాడు నా ఏడు తరాలనీ కడిగాడు.
ఏనుగంతా దాటి తోక దగ్గర ఇరుక్కోవడం
నాకు తెలియందా?"
కప్పు అంచు వేలితో తుడిచింది.
"తెలిసీ మరిచాను. అదే నా కోపం. నీ మీద కాదులే."

ఇరవై నిమిషాలకి అద్దం
బూడిదరంగులో కళ్లు విప్పింది.
మొత్తం దూరం: నాలుగువేల రెండువందల పదిహేడు కిలోమీటర్లు.
ఒక్కటీ పోలేదు.
గడియారం మాత్రం సున్నా దగ్గర కూర్చుంది.

"తిరిగిన ఊళ్లన్నీ గుర్తే, వేళ మాత్రం తెలీదు.
అచ్చం మా అక్క ఫ్రౌక్యె" అని నవ్వింది.

నా ఫోను చూసి టైము దిద్దబోతే చెయ్యి తోసేసింది.
గుమ్మంలో నిలబడి, చర్చి గోపురం వంక మెడ సాచి
ఆ ముల్లు చూసి దిద్దుకుంది.
అది ఏడు నిమిషాలు ముందు నడుస్తుందని
ఊళ్లో పిల్లికి కూడా తెలుసు.
గూట్లో 'టక్'మంది డిస్‌ప్లే. వెళ్లిపోయింది.
కాఫీకి థాంక్స్ చెప్పలేదు, తీగ తిరిగివ్వలేదు.

మే నెలలో గొలుసు బిగించడానికి వాళ్లింటికి వెళ్లాను.
మా వైపు పుట్టినరోజుల క్యాలెండరు
మరుగుదొడ్డి గోడకి వేలాడుతుంది,
రోజూ కంటబడక తప్పదు గనక.
చేతులు కడుక్కుంటూ ఒక కాగితం తిప్పాను.
జూన్ పదకొండు: ఫ్రౌక్యె, డెబ్బై తొమ్మిది.
పన్నెండు, పెన్సిలుతో: చిన్నది,
ఇరవై నిమిషాలు.