ఇరవై లీటర్లు

అక్టోబరులో కొళాయి దగ్గింది,
రెండు చుక్కలు తుప్పు ఉమ్మింది,
ఆ తర్వాత మాట్లాడలేదు.
పంపు సామాను లిలాంగ్వే నుంచి బయల్దేరిందంటారు.
ఏ లారీ ఎక్కిందో, ఏ మలుపులో కునుకు తీస్తోందో.

నాది తుడిచే పని.
మలావి సరస్సు ఒడ్డున ఈ చిన్నాసుపత్రిలో
కాన్పుల గది నేల
నా మోకాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు.
బోరింగు దాకా మూడొందల పన్నెండు అడుగులు.
వచ్చేటప్పుడు ఇంకాసిని ఎక్కువ,
నెత్తిన బకెట్టుంటే అడుగు చిన్నదవుతుంది.

ఒక కాన్పుకి ఎన్ని నీళ్ళు కావాలో
నన్నడగండి.
సిస్టర్ చేతులకి, మళ్ళీ చేతులకి,
కత్తెరకి, మంచానికి, నేలకి,
తల్లి ఒంటికి.
బిడ్డకి చెంబెడు చాలు.
ఆ రాత్రి ఐదుగురు నొప్పులు పడుతున్నారు.
నా దగ్గరున్నది ఒక్క బకెట్టు, ఇరవై లీటర్లు.

తోవేరా నాలుగో మనిషి.
సైకిలు వెనక కట్టిన బండిలో వచ్చింది.
చీటీలో తెమ్మన్నవన్నీ తెచ్చుకుంది:
నల్ల ప్లాస్టిక్ పట్టా, కొత్త బ్లేడు, దారం, కొవ్వొత్తి.
తోడొచ్చిన పిన్ని కొంగులో
గుప్పెడు ఎండు ఉసిపా చేపలు.
నీళ్ళు తెమ్మని చీటీలో లేదు.
రాసినవాడు కిటికీలోంచి సరస్సుని చూసే ఉంటాడు.
సముద్రమంత ఉంటుంది మరి.
పడవలకి బాగుంటుంది. చేతులకి పనికిరాదు.

సిస్టర్ న్యిరెండా చేతులు చాచింది.
నేను పోశాను.
ధార సన్నం చేశాను.
ఐదో ఆమె కోసం సన్నం చేశాను.
ఇది ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

ఆడపిల్ల. గదంతా అదిరేలా ఏడ్చింది.
మర్నాడే ఇంటికి పంపేశారు,
మంచం ఇంకొకరికి కావాలి.

మూడో రోజు వణుకు.
ఇక్కడ ఏ వణుకైనా ముందు మలేరియానే.
నాలుగో రోజు, పాలు పడ్డ జ్వరమన్నారు.
ఐదో రోజు వాసన వచ్చింది,
ఎవరూ ఏమీ అనలేదు.
ఆరో రోజు మళ్ళీ అదే సైకిలు బండి.

ఉన్న ఒక్క థర్మామీటరూ మగవాళ్ళ వార్డుకెళ్ళింది.
సిస్టర్ చెయ్యి తిరగేసి ఆమె నుదుటి మీద ఆనించి
వేడి గిన్నె తగిలినట్టు లాక్కుంది.
అలమరలో మిగిలిన సూదిమందు ఒక రకమే.
దానికి పురుగు అలవాటు పడిపోయింది, అంది సిస్టర్,
నాతో కాదు, అలమరతో.
నేనేమీ అనలేదు.
అలవాటు పడింది పురుగొక్కటేనా?

తెల్లారేసరికి చితెంజే గుడ్డ ముఖం మీదికి లాగాం.
నీలం మీద పసుప్పచ్చ పూలు,
ఇంకా ఉతుక్కి వెలవని గుడ్డ.

రిజిస్టరులో కారణం అన్న గడి
రెండు వేళ్ళ వెడల్పు.
సిస్టర్ ‘జ్వరం’ అని రాసింది.
అందులో బోరింగు పట్టదు,
దారిలో ఉన్న లారీ పట్టదు,
సన్నం చేసిన ధార
అసలే పట్టదు.

జనవరిలో తెల్ల కారులో నలుగురొచ్చారు.
వెయ్యికి ఎందరు, అని అడిగారు.
సిస్టర్ కాగితాలు తిప్పింది.
నాకు వెయ్యి తెలీదు.
తోవేరా తెలుసు, అంతకు ముందు మాసం పోయిన
చెవి తెగిన పొడుగాటి పిల్ల తెలుసు,
పేరు చెప్పకుండానే పోయిన ఒకామె తెలుసు.
నన్నెవరూ అడగలేదు.
వాళ్ళు తాగి పారేసిన నీళ్ళ సీసాలు నాలుగు
ఏరి దాచాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ముందు అవి నింపుతాను.
ఒక్కో జత చేతులకి ఒక సీసా.
ఐదో ఆమె వచ్చినా, పదో ఆమె వచ్చినా
వాటి జోలికి పోను.
చాలవు. తెలుసు.

నిన్న తూకం రోజు.
పిన్ని వీపున కట్టుకుని తెచ్చింది దాన్ని.
తక్కెడ కొక్కేనికి వేలాడుతూ
తొడల మీద మడతలతో, కోపంగా,
అటుగా పోతున్న నా తడి వేలు పట్టుకుంది.

విడిపించుకోడానికి
బకెట్టు కింద పెట్టాల్సొచ్చింది.