కత్తిపీట ముందు

ఆశ్వయుజం ఆఖరు వారం.
పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసి
క్రేన్లకి గొలుసులేశారు.
నాకు సెలవు.

నూకరత్నం కుడిచెయ్యి
మణికట్టు నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది,
డాబా మెట్ల మీది నాచు చేసిన పని.
కేరేజీ తెప్పించుకుందామంటే
కిటికీలోంచి యారాడ కొండ వైపు చూసింది.
కొండ లేదు, మబ్బే ఉంది.
"ఇలాటి ముసుర్లో కందా బచ్చలీ తినకపోతే
ఇంకెప్పుడు తింటాం" అంది.

కంచరపాలెం రైతుబజార్లో సగం బల్లలు ఖాళీ.
అరకు నుంచి రాత్రి రైలుకి దిగినావిడ
సీతాఫలాల బుట్ట మీద తన గోనె కప్పి
తను తడుస్తోంది.
కాయ ఇలా పట్టుకుని అలా చెప్పేసింది:
ఇది మజ్జాన్నానికి, ఇది రేపటికి,
ఇది ఎల్లుండికి, తొందరపడకండి.
కంద ఏరడం నాకు రాదు.
మట్టి కొట్టుకున్న ముద్దొకటి చూపించి
"దురదుంటాదేటి?" అన్నాను.
కూరలావిడ తక్కెడ దించకుండానే నవ్వింది.
"నన్నడిగితే ఏటి తెలుస్తాది బాబూ,
తోలు తీసేవోళ్లనడుగు."

వంటింట్లో నేను కత్తిపీట ముందు,
తను ముక్కాలిపీట మీద, కట్టు ఒళ్లో పెట్టుకుని.
"నూనె రాసుకో."
రాసుకున్నాను.
"మోచేతుల దాకా."
ఇరవై టన్నుల పెట్టెల్ని ఓడలోంచి
కోడిగుడ్డు దించినట్టు దించేవోణ్ణి,
నన్నో దుంపేం చేస్తుంది?

చేసింది.
ముందు వేళ్ల సందుల్లో,
తర్వాత ముంజేతుల మీద,
గోక్కున్న చేత్తోనే మెడ తడిమితే మెడ మీద.
కట్టు అదిరేలా నవ్వి
ఎడం చేత్తో చింతపండు ముద్ద విసిరింది, రుద్దుకోమని.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని
మా అమ్మ వెయ్యిసార్లు అనుంటుంది.
సామెతలో కందుంది, కత్తిపీటుంది.
మధ్యన చేతులుంటాయని
నాకెప్పుడూ తట్టలేదు.

"ఇరవయ్యారేళ్లూ నీకూ ఇలాగేనా?"
"మరి?" అంది,
బచ్చలి కాడలు గిల్లుతూ.

ముక్కలు ఉడికాయి. ఆకు కుంగింది.
పసుపు, పులుసు, అల్లం, పచ్చిమిరపకాయలు.
పోపులో ఎండుమిరపకాయ నల్లబడితే
ఏమీ అనలేదు, చూసిందంతే.
ఆవ ముద్ద వెయ్యబోతుంటే మాత్రం కేకేసింది:
"దించాక! పొయ్యి మీదేస్తే చేదెక్కుద్ది!"
దించాను. కలిపాను.
ఘాటు వీధిగుమ్మం దాకా వెళ్లి,
వాన చూసి, వెనక్కొచ్చింది.

వేడన్నం, కూర, మీద గానుగ నూనె చుక్క.
కొత్త ఉసిరికాయ పచ్చడి పక్కన.
నేను ముద్దలు చేసి పళ్లెం అంచున పెడుతుంటే
ఎడం చేత్తో తీసుకుని తింది.
మొదటి ముద్దకి, "ఉప్పు తక్కువ."
మూడో ముద్దకి, "ఆవ బాగా పట్టింది."
అయిదో ముద్దకి ఏమీ లేదు,
పళ్లెం ముందుకు జరిపింది.

సీతాఫలం గింజలు గిన్నెలో టకటకమంటున్నాయి.
బయట గాలి తిరిగింది.
రేడియోలో వాయుగుండం ఒడిశా వైపు పోతోందన్నారు,
ఇద్దరం నమ్మలేదు.

కట్టు లోపల ఒకటే దురదగా ఉంది,
చీపురుపుల్ల తెమ్మంది.
రెండు విరిచాను.